నలభై మూడో ప్రముఖుడు

"చివరి ఫారం కూడా చూసెయ్. అక్షర దోషాలు పట్టుకుంటే చాలు, విషయం జోలికి పోకు," అన్నారు మాస్టారు, చొక్కా కోసం చెయ్యి చాపి.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కాలరు మడత ఒకసారి సరిచేసి చొక్కా అందించింది. వచ్చే ఆదివారం టౌన్‌హాల్లో పుస్తకావిష్కరణ. సాయంత్రంలోగా ప్రూఫులు ప్రెస్సుకు చేరాలి. పదకొండేళ్ళ పని ఈ పూటతో ఒడ్డున పడుతుందన్న సంతోషంలో, "జోలికి పోకు" అన్న మాట ఆవిడ చెవికి సరిగ్గా ఎక్కనే లేదు. కాఫీ తాగి వెళ్ళమంది. మాస్టారు హాల్లో కుర్చీల లెక్క చూసుకోవాలంటూ తాగకుండానే వెళ్ళిపోయారు.

వాళ్ళుండేది పెద్ద నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. పొద్దున ఏడూ నలభై రైలెక్కి సగం ఊరు నగరానికి పోతుంది. సాయంత్రం ఆరూ పదికి వాడిపోయిన మొహాలతో తిరిగొస్తుంది. అలాంటి ఊళ్ళో చెప్పుకోదగ్గ మనుషులెవరుంటారని అందరూ నవ్వే రోజుల్లో, పౌర సంఘం వాళ్ళు మూణ్ణెల్లకోసారి వేసే పత్రికలో ఒక్కొక్కరి గురించీ రాయాలన్న ఆలోచన హైస్కూల్లో భూగోళం చెప్పే మాస్టారికి వచ్చింది. ఆలోచన ఆయనదే, కాదనడానికి లేదు. మొదటి వ్యాసం కూడా ఆయనే రాశారు, స్టేషను గడియారాన్ని ముప్ఫై ఏళ్ళుగా ఆగనివ్వని గడియారాల తాత మీద. తాత పుట్టిన సంవత్సరం, చదువు, తాతను మెచ్చుకున్న రైల్వే అధికారుల పేర్లు, వాళ్ళ హోదాలు, అన్నీ ఉన్నాయి. తాత మాత్రం లేడు.

"చెవి ఆనించి విన్నాకే గడియారం విప్పుతాడు కదండీ, అది రాయలేదేం?" అందావిడ చదివి.

"అంత తెలిస్తే నువ్వే రాయి," అన్నారు మాస్టారు. చిరాగ్గానే అన్నారు. ఆవిడ మాత్రం నిజంగానే రాసింది. పత్రిక రాగానే ఊరు ఊరంతా మాస్టార్ని ఆపి మరీ మెచ్చుకుంది. ఆ దెబ్బతో ఆయన కలానికి మూత పెట్టేశారు, మళ్ళీ తియ్యలేదు.

అప్పట్నుంచీ పద్ధతి ఒకటి కుదిరిపోయింది. ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. మాస్టారు ముందు గదిలో కూర్చుని ఊరి రోడ్ల గురించీ, నీళ్ళ గురించీ మాట్లాడుతూ ఉంటే, ఆవిడ లోపలికి వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళకు గిన్నెలు అందిస్తూనో, ఆరిన బట్టలు మడతపెడుతూనో వినేది. అసలు సంగతులన్నీ వెనక గదుల్లోనే ఉండేవి. వరదలో తొంభై మందిని ఒడ్డు చేర్చిన పడవాయనకు ఈత రాదన్నది ఆయన పెద్దకోడలు చెప్పింది. మూడు తరాలకు పురుళ్ళు పోసిన నర్సమ్మ, తన పిల్లకు నెప్పులొచ్చిన రోజు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయిందని వాళ్ళ చెల్లెలు చెప్పింది. ఆవిడ పగలు ఆస్పత్రి రికార్డుల గదిలో ఉద్యోగం చేసుకుని, వచ్చి వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, పిల్ల చేత హోంవర్కు చేయించి, ఆ తర్వాత అదే భోజనాల బల్ల తుడుచుకుని రాసేది. అలా నలభై రెండు రాసింది. పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది కూడా. అన్నిటి కిందా మాస్టారి పేరే.

ఒకే ఒక్కసారి ఆవిడ రాతలో ఆయన వేలు పెట్టారు. పడవాయన రేవుని కాలవకు అవతలి గట్టు మీద పెట్టారు. భూగోళం మాస్టారు గట్టు తప్పడమేమిటని పాతిక ఉత్తరాలొచ్చాయి. ఆ అవమానం చాలనుకుని ప్రెస్సాయనకు ఖచ్చితంగా చెప్పేశారు: "ఇకమీదట మా ఆవిడ దిద్దిందే ఫైనల్. నాకు మళ్ళీ చూపించక్కర్లేదు. ఆవిడ చేతిరాత కనిపించిందా, కళ్ళు మూసుకుని అచ్చేసెయ్యండి." ఎంత నమ్మకమో అని ఆవిడ ఆ రోజు పొంగిపోయింది. నమ్మకానికీ బద్ధకానికీ తేడా తెలియని వయసు కాదు, అయినా పొంగిపోయింది.

ఇంకో మాట కూడా ఇచ్చారాయన. "పుస్తకం వేసినప్పుడు ఇద్దరి పేర్లూ వేద్దాం. ముందు నీదే." ఇది ఆవిడ అడిగి పుచ్చుకున్న మాట కాదు, ఆయనంతట ఆయనే అన్నది. అందుకే పదకొండేళ్ళు దాన్ని పదిలంగా దాచుకుంది. రేడియోలో పాతికేళ్ళు పాడి, తర్వాత ఎవరికీ తలుపు తియ్యకుండా కూర్చున్న పాటల పెద్దమ్మ ఆవిడకు ఒక్కదానికే తలుపు తీసి, రెండు గంటలు మాట్లాడి, లేవబోతుంటే చెయ్యి పట్టుకుని అడిగింది కూడా: "ఇవన్నీ రాసేది నువ్వేనని నాకర్థమైందిలే. నీ పేరెక్కడే తల్లీ?"

"మా ఇద్దరిదీ ఒకటేనండి," అంది ఆవిడ నవ్వుతూ.

పెద్దమ్మ నవ్వలేదు. "నా పాటలకూ మా ఆయన అలాగే అనేవాడు," అని తలుపేసుకుంది.

ఇస్త్రీ బట్టలు బీరువాలో సర్ది, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ప్రెస్సు కట్ట విప్పింది. పైనే అట్ట. పేరు ఒకటే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తిప్పి వెనక చూసింది. లోపలి పేజీలో, సంఘం అధ్యక్షుడికీ కోశాధికారికీ కాగితం అమ్మినాయనకూ ధన్యవాదాలయ్యాక, అట్టడుగున, "ఇంటి సహకారానికి కృతజ్ఞతలు" అని ఉంది. ఇంటికే, ఆవిడకు కాదు.

అయినా ఆవిడకు ఇలాంటివి మింగడం అలవాటే కాబట్టి మింగింది. మర్చిపోయి ఉంటారు, అడిగితే వేయిస్తారు అనుకుంటూ చివరి ఫారం తీసింది. అచ్చులో పదహారు పేజీలు కలిసిన ఒక్కో మడతను ఫారం అంటారు. ఆవిడకు ఆ మాట నేర్పింది ప్రెస్సు కాదు, పుట్టిల్లు.

చివరి ఫారంలో కొత్త వ్యాసం ఉంది. నలభై మూడో ప్రముఖుడు: మాస్టారు. సంఘం కార్యదర్శి రాసినట్టు కింద పేరుంది. పొగడ్తలేగా, ఉండనీ అనుకుంటూ ఎర్ర పెన్ను మూత తీసి చదవసాగింది. రెండో పేరా దగ్గర పెన్ను ఆగిపోయింది.

"మాస్టారి రాతకు పునాది స్టేషను వీధిలోని పుస్తకాల బైండింగు దుకాణంలో పడింది. చిన్ననాడు ఆయన కుట్టు బల్ల కింద దూరి, కుట్టుకు వచ్చిన ఫారాలు చదివేవారు. కథకు మొదలూ చివరా దొరికేవి కావు. దొరికిన పదహారు పేజీలకు మిగతా కథ తానే అల్లి చెబితే, బైండరు దారం పట్టుకున్న చెయ్యి ఆపి, 'తర్వాత?' అని అడిగేవాడు."

ఆ బల్ల మాస్టారిది కాదు. ఆ బైండరు ఆవిడ నాన్న. ఆ దుకాణం ఈ ఊళ్ళో లేదు, ఇక్కణ్ణుంచి నాలుగు స్టేషన్ల అవతల, ఆవిడ పుట్టిన ఊళ్ళో ఉండేది. కుట్టు పూర్తయితే పుస్తకాలు సాయంత్రమే వెళ్ళిపోయేవి, అందుకని ఆ పిల్ల పొద్దుటి నుంచీ బల్ల కిందే ఉండేది. మోకాళ్ళ మీద జిగురు మరకలు. పైన నాన్న కాళ్ళు. కథలో పడవ బయలుదేరే చోట పేజీ అయిపోతే, పడవ ఎక్కడికెళ్ళిందో తనే చెప్పేది. నాన్న "తర్వాత?" అనేవాడు. ఆవిడకు పన్నెండో ఏడు వచ్చేసరికి నాన్న పోయాడు. దుకాణం పోయింది. ఆ మాట ఆవిడను మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఈ సంగతి లోకంలో ఒక్క మనిషికే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో, వానకు రైళ్ళు ఆగిపోయిన ఓ మధ్యాహ్నం, ప్లాట్‌ఫాం బల్ల మీద ఇద్దరే కూర్చున్నప్పుడు. చెబుతూ ఏడ్చింది. ఆయన ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని ఎంత శ్రద్ధగా విన్నారో! ఈ మనిషితో ఎన్నేళ్ళయినా బతకొచ్చు అని ఆ బల్ల మీదే అనుకుంది. శ్రద్ధగా విన్నారు నిజమే, ఒక్క ముక్క పొల్లుపోలేదు. జిగురు మరకలతో సహా అన్నీ మూడో పేరాలో ఉన్నాయి.

వ్యాసాల కింద ఆయన తన పేరు పెట్టుకున్నప్పుడు ఆవిడకు నొప్పి తెలిసేది, కానీ అది పనిలో నొప్పి. ఇది వేరు. నాన్న అడిగే ఆ 'తర్వాత?'ను తీసుకెళ్ళి వేరే పిల్లాడి చేతిలో పెట్టేశారు. ఆదివారం నుంచీ ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ నాన్న ఆ పిల్లాణ్ణే అడుగుతాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మాస్టారు ముందు ఆ కాగితం పెట్టింది.

"ఇది మీకెప్పుడు జరిగిందండీ?"

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "కార్యదర్శి వచ్చి, మీ చిన్నతనం గురించి ఏదైనా చెప్పండి అని ప్రాణం తీశాడు. నా చిన్నతనంలో ఏముంది చెప్పడానికి? అదైతే బావుంటుందనిపించింది."

"బావుంటుందని..."

"ఇందులో నీది, నాది ఏమిటి? ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నిసార్లు తలుచుకున్నానో, ఇప్పుడు నాకే జరిగినట్టు ఉంటుంది, తెలుసా? ఆ బల్ల నాకు కళ్ళకు కడుతుంది." నిజాయితీగానే అన్నారు. ఆవిడకు భయమేసింది అందుకే.

"మరి అట్ట మీద?"

"రెండు పేర్లుంటే ఇరుగ్గా ఉందన్నారు సంఘం వాళ్ళు. లోపల వేయించాగా. ఆదివారం నిన్ను ముందు వరసలో కూర్చోబెడతాం. ఇంకాస్త మజ్జిగ పొయ్యి."

చెవులు సరిగ్గా వినపడని అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమైందని అడిగింది. ఆవిడ ఆ పేరా బిగ్గరగా చదివి వినిపించింది. అత్తగారు పకపకా నవ్వేసింది. "వీడా! బల్ల కింద చదవడమా! పుస్తకం చూస్తే వీడికి జ్వరం వచ్చేది కదే. బళ్ళోకి పంపలేక మీ మామగారికి తల ప్రాణం తోకకొచ్చేది!"

"అమ్మా, నువ్వూరుకో," అన్నారు మాస్టారు.

ఒక్క క్షణం ఆవిడకు తోడు దొరికినట్టే అనిపించింది. అత్తగారు కళ్ళు తుడుచుకుని, కోడలి మోచెయ్యి తట్టి, "పోన్లే అమ్మాయ్. సభలో మగాడికి నాలుగు మంచి మాటలు కావాలి. నీకెందుకవి, నువ్వేమైనా వేదికెక్కుతావా?" అంది. ప్రేమగానే అంది. ఆ ఇంట్లో ఆవిడను ఎవరూ ఎప్పుడూ గట్టిగా తిట్టింది లేదు. అన్నీ ప్రేమగానే తీసుకున్నారు.

ఆవిడ మజ్జిగ పోసింది. కంచాలు తీసింది. మాస్టారు నడుం వాల్చారు. గిన్నెలు కడిగి, భోజనాల బల్ల తుడుచుకుని, మళ్ళీ కూర్చుంది. కన్నీళ్ళు వస్తాయేమో అని కాసేపు చూసింది కానీ రాలేదు. ఎర్ర పెన్ను తీసుకుంది.

నలభై రెండు వ్యాసాలూ మొదటి నుంచి తిరగేసింది. గడియారాల తాత, పడవాయన, నర్సమ్మ, పాటల పెద్దమ్మ. ఎక్కడా తప్పులేదు. నలభై మూడోది వచ్చింది. ఈసారి భార్యలా కాకుండా ప్రూఫులు దిద్దే మనిషిలా, పదం పదం వేలుపెట్టి చదివింది. "పగలంతా ఉద్యోగం చేసి, సాయంత్రాలు ఊరి కోసం రాశారు." నిజం. "పెద్దవాళ్ళ ముందు గదులతో సరిపెట్టుకోక, వంటింటి దాకా వెళ్ళి విన్నారు." అక్షరాలా నిజం. "ఎవరికీ తలుపు తియ్యని గాయని ఆయనకు తీసింది." తీసింది, ఆయనకు కాదు. చదివేకొద్దీ ఆవిడకు ఒక విచిత్రం తెలిసొచ్చింది. కార్యదర్శి మంచివాడు, అబద్ధం రాయలేదు. ఉన్నది ఉన్నట్టే రాశాడు. ఎవరి గురించన్న సంగతి ఒక్కటే అతనికి తెలియదు.

మాస్టారు నిద్ర లేచేసరికి ఆవిడ చెప్పులేసుకుంటోంది.

"అయిపోయిందా? విషయం జోలికి పోలేదు కదా?"

"విషయం అంతా సరిగ్గానే ఉందండీ," అంది.

ప్రెస్సాయన ఆవిడను చూసి స్టూలు తుడిచి వేశాడు. అట్ట చూశాడు. మాస్టారి పేరుకు పైన ఎర్ర సిరాతో ఆవిడ పేరు ఉంది, ముందు ఆవిడదీ తర్వాత ఆయనదీ అని గుర్తుతో. తలాడించాడు. చివరి ఫారం తిప్పి నోరు తెరిచాడు. వ్యాసం నెత్తిన మాస్టారి పేరు కొట్టేసి ఉంది, దాని చోట ఆవిడ పేరు. లోపల "మాస్టారు", "ఆయన" ఉన్న చోటల్లా "ఆమె". స్టేషను వీధి కొట్టేసి, నాలుగు స్టేషన్ల అవతలి ఊరు. బైండరు పక్కన, "ఆమె తండ్రి". ఇంకెక్కడా పెన్ను పడలేదు.

"అదీ సంగతి!" అన్నాడు ఆ పేజీ అంతా చూసి. "కుట్టుకు ఇప్పటికీ పై ఊరికే పంపిస్తున్నా కదమ్మా, మన ఊళ్ళో బైండింగు దుకాణం ఎప్పుడుందా అని నిన్నంతా బుర్ర గోక్కున్నా." నవ్వబోయి ఆగాడు. చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. "మాస్టారికి ఒకసారి..."

"నేను దిద్దాక మళ్ళీ చూపించక్కర్లేదని ఆయనే కదండీ చెప్పారు."

ప్రెస్సాయన ఫోను మీంచి చెయ్యి తీశాడు. ఆ ఎరుపు కేసి మళ్ళీ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆదివారం సభలో విప్పి చూస్తారు కదమ్మా. తర్వాత?"

ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. ఆ మాట ఆవిడను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! స్టూలు దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

"అది నేను చెప్తాను," అంది. "ముందు మీరు అచ్చెయ్యండి."