రెక్కల గుర్రం అసలు రంగు

రెక్కల గుర్రం ఏ రంగులో ఉండేదని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వెంటనే జవాబు చెప్పను. నువ్వు ఎవరింట్లో చూశావని ముందు అడుగుతాను. అది తెలియకుండా రంగు గురించి మాట్లాడేవాళ్లంటే నాకు మంట.

మక్తల్‌లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. బట్టల దుకాణం లియాఖత్ అలీ గారింట్లో ఉండేది. ఆయన కూతురు ఇక్బాల్ బీ, నేను ఒకే తరగతి. ఎనభైల చివర్లో ఆదివారం పొద్దున పిల్లలమంతా తలస్నానాలు ఎగ్గొట్టి వాళ్ల హాల్లో చాప మీద చేరేవాళ్లం. హిందీలో వచ్చే ఆ బొమ్మల సీరియల్‌కు పొడుగాటి పేరొకటి ఉండేది. మాకు నోరు తిరగక రెక్కల గుర్రం అనే పిలుచుకున్నాం.

కథ చాలా గొప్పది. ఒక మాంత్రికుడు లోకంలో ఉన్న గాలులన్నిటినీ మూటగట్టి కొండ గుహలో దాచేస్తాడు. తారా అనే పిల్ల షహపర్ అనే గుర్రమెక్కి వారానికొక గాలిని విడిపించుకొస్తుంది. వానకు ముందు వీచే గాలి, పడవలను నడిపే గాలి, పాటను దూరం మోసుకుపోయే గాలి. ధాన్యం తూర్పారబట్టే గాలిని విడిపించిన వారం మా బాపు కూడా గుమ్మంలో నిలబడి చివరిదాకా చూశాడు. "మంచి పని చేసింది పోరి," అని మెచ్చుకుని జొన్న చేనుకు వెళ్లిపోయాడు. బాపు మెచ్చుకున్న సీరియల్ నాకు తెలిసి అదొక్కటే.

మాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైంది షహపర్ రంగు. గడ్డిలో నిలబడితే పచ్చగా ఉండేది. ముందుకాలితో నేలను గీకి పరుగందుకుని పైకి లేస్తుంటే నారింజ రంగుకు మారేది. మబ్బుల్లోకి పోగానే నీలంగా అయిపోయేది. మళ్లీ దిగుతుంటే అదే వరసలో రంగులు వెనక్కి వచ్చేవి. ఏ ఎత్తులో ఏ రంగు వస్తుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

నిజానికి ఆ టీవీ బ్లాక్ అండ్ వైట్. లియాఖత్ అలీ గారు దాని అద్దానికి రంగుల ప్లాస్టిక్ షీటు ఒకటి కట్టారు. పైన నీలం, నడుమ నారింజ, కింద పచ్చ. అప్పట్లో చాలామంది ఇళ్లలో అలాంటివి ఉండేవి. వార్తలు చదివే ఆమె జుట్టు నీలంగా, మెడ నారింజగా, చీర ఎప్పుడూ పచ్చగా ఉండేది. షీటు సంగతి మాకు తెలియక కాదు. ఆమె రంగులు షీటువి, షహపర్ రంగులు మాత్రం షహపర్‌వే అని మా లెక్క. ఆమె కదలకుండా కూర్చుంటుంది, గుర్రం ఎగురుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఈ లెక్కకు అడ్డుపడింది ఇక్బాల్ బీ ఒక్కతే.

"షీటుతోనే గట్ల కనవడ్తాంది," అని ఒకరోజు అంది. "టీవీల వాళ్ల హిందీ మాటలు నాకు తెలుస్తయి. ఒక్కనాడన్న రంగు ముచ్చట తియ్యలే."

"అందరికి కనిపిస్తనే ఉంటది. ఇంక చెప్పుడెందుకు?" అన్నాను.

"మరి తారా రంగు గూడ ఎందుకు మారుతది?"

"గుర్రం మీద కూసుంటె అంటుకోదా?"

ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆదివారం మాత్రం వాళ్లింటికి వెళ్లి చాపకు ఆ చివర కూర్చుని చూసొచ్చాను. కోపం మనుషుల మీదే గానీ గుర్రం మీద కాదు కదా.

మమ్మల్ని బడికి తీసుకుపోయే జట్కా మెహమూద్ చాచాది. బడి ఊరి చివర మిట్ట మీద ఉండేది. ఆయన గుర్రం బూడిద కలిసిన తెలుపు, నుదుటి మీద మాసిన మచ్చ. దానికి వేరే పేరు పెట్టలేదు, బేటీ అనే పిలిచేవాడు. అది కూడా కదలబోయే ముందు ముందుకాలితో నేలను గీకేది. ఆ ఒక్క గుణం వల్ల మాకు దాని మీద గౌరవం ఉండేది, మిగతాదంతా మామూలు గుర్రమే.

ఆ ఏడు దసరాకు ముందు మా వీధిలో మారయ్య అనే ఆయన ఆటో కొన్నాడు. సెలవుల తర్వాత పిల్లల్ని ఆటోలో పంపాలని వీధిలో పెద్దలంతా అనుకోసాగారు. ఆటో అయితే జల్దీ పోతరు, వానకు తడవరు అని బాపు కూడా అన్నాడు. ఊళ్లో మిగతా కిరాయిలు ముందే ఆటోల పాలయ్యాయి. బడి పిల్లలు కూడా పోతే మెహమూద్ చాచాకు మిగిలేదేమీ లేదు. బేటీని అమ్మేసి నార్కట్‌పల్లిలో బావమరిది నడిపే హోటల్లో పనికి పోతానని ఆయనే మాతో చెప్పాడు. చెప్పేటప్పుడు మా వైపు చూడలేదు, జీను సవరిస్తూ చెప్పాడు.

తర్వాత ఆయనకే ఒక ఆలోచన వచ్చింది. దారిపొడుగునా మేం రెక్కల గుర్రం తప్ప ఇంకో మాట మాట్లాడమని ఆయనకు తెలుసు. జట్కా రెండు పక్కలా షహపర్ బొమ్మ వేయిస్తే పిల్లలే జట్కా కావాలని పట్టుబడతారు, పిల్లలు ఏడిస్తే పెద్దలు ఎన్నాళ్లని కాదంటారు అని. బోర్డులు రాసే పర్వతాలు అనే ఆయన్ను అడిగి వచ్చాడు కూడా.

"ఏం రంగు బిడ్డా అది?" అని నన్ను అడిగాడు.

నేను వరస అంతా అప్పజెప్పాను. కాళ్లు పచ్చ, కడుపు నారింజ, రెక్కలు నీలం. నా మాట పూర్తయ్యీ కాకముందే పక్కనుంచి ఇక్బాల్ బీ, "అదంత షీటు రంగు చాచా," అంది.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "రంగు ఒక్కపారి పడ్డదంటె పడ్డట్టే. తప్పు గుర్రాన్ని ఏపిస్తె పిల్లలు నవ్వుతరు. నవ్విన బండి ఎవ్వరెక్కుతరు? జర ఖరారుగ చెప్పుండ్రి."

సెలవులకు నేను పాలమూరులో మా చిన్నమ్మ అమృతమ్మ ఇంటికి పోతున్నాను. వాళ్లింట్లో కలర్ టీవీ ఉంది. అసలు రంగు చూసొచ్చి చెప్పే పని నాకు అప్పజెప్పారు. ఇక్బాల్ బీ బస్సు దాకా వచ్చి, "నిజం చెప్పాలె," అంది. అబద్ధం చెప్పే ఉద్దేశం నాకు లేదు, నేను గెలుస్తానని తెలుసు కాబట్టి.

ఆదివారం చిన్నమ్మ పూరీలు చేస్తోంది. నేను టీవీ ముందు కూర్చున్నాను. మొదలయ్యే పాట వచ్చింది. గడ్డి వచ్చింది, నిజంగా పచ్చగా ఉంది, చూసి సంతోషపడ్డాను. తారా గౌను ఎరుపని అప్పుడు తెలిసింది. తర్వాత షహపర్ వచ్చింది.

బూడిద కలిసిన తెలుపు. నుదుటి మీద మచ్చ. ముందుకాలితో నేలను గీకింది, పరుగెత్తింది, లేచింది, మబ్బుల్లోకి పోయింది. పైకి పోయినా అదే బూడిద తెలుపు. దిగొచ్చినా అదే. ఇంకా ఏమైనా జరుగుతుందేమోనని చివర పేర్లు పడేదాకా చూశాను.

అచ్చం బేటీలాగే ఉంది. రెక్కలు తీసేస్తే ఆ రెండిటికీ తేడా లేదు.

నాకు ఏడుపు వచ్చింది. పూరీలు వద్దన్నాను. చిన్నమ్మ ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకుని చూసింది. గుర్రం మామూలుదని తెలిసి ఏడుస్తున్నానని ఆమెకు ఎలా చెప్పను? ఓడిపోయినందుకు కొంత, నిజమే. కానీ అసలు బాధ వేరే. మా జట్కాకు రోజూ కట్టే గుర్రం లాంటి గుర్రాన్ని బొమ్మేయించి ఏం లాభం? అది చూడ్డానికి ఎవరు ఆటో దిగి వస్తారు?

బడి తెరిచే ముందురోజు మక్తల్ చేరాను. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా జట్కాల అడ్డాకు వెళ్లాను. మెహమూద్ చాచా బేటీకి గడ్డి వేస్తున్నాడు.

"ఏం రంగు?" అన్నాడు.

నేను బేటీ వైపు వేలు చూపించాను.

ఆయనకు అర్థం కాలేదు. "అచ్చం గిట్లనే ఉన్నది చాచా. గీ మచ్చ గూడ," అన్నాను.

"అరె," అని ఆయన బేటీని కొత్తగా చూసినట్టు చూశాడు. మొహంలో సంతోషం కనిపించింది. కాసేపటికి అది తగ్గింది. "అయితె రంగేసుడెందుకు? ఉన్నదే అది. రోజు చూసేదాన్ని చూడనీకె ఎవ్వలొస్తరు?" అన్నాడు. పర్వతాలుకు వద్దని చెప్పి రావడానికి లేచి కండువా దులుపుకున్నాడు.

అప్పుడు ఇక్బాల్ బీ వచ్చింది. నేను బస్సు దిగడం చూసి పరుగెత్తుకొచ్చినట్టుంది. చేతిలో చుట్టగా చుట్టిన షీటు ఉంది.

"ఆగలేకపోయిన," అంది. "మొన్న ఆదివారం అబ్బాతోని షీటు విప్పించిన. తెల్లగ ఉన్నది మంజులా. నేనే గెలిచిన. గని మంచిగ లేదు. ఏం మంచిగ లేదు. మళ్ల కట్టమంటె అబ్బా కట్టనంటాండు, బొమ్మ సాఫుగ కనిపిస్తాందట."

ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి. అన్నాళ్లూ నాతో పోట్లాడింది ఆమెకూ ఆ రంగుల మీద ఇష్టం లేక కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరం జట్కాలో ఎక్కి కూర్చున్నాం. చేసేదేమీ లేక షీటు విప్పి, చెరొక కొస పట్టుకుని, పాత అలవాటు కొద్దీ దాని లోంచి ముందుకు చూశాం.

ముందు బేటీ ఉంది. చెవులు నీలం. వీపు నారింజ. కాళ్లు పచ్చ.

బేటీ తల వంచి గడ్డి అందుకుంది, మొహం పచ్చబడింది. ఈగ వాలితే తల ఎగరేసింది, పచ్చ లోంచి నారింజ లోకి, నారింజ లోంచి నీలం లోకి పోయింది. అంతా మాకు తెలిసిన వరసలోనే.

"చాచా, తాడుందా?" అంది ఇక్బాల్ బీ.

షీటును జట్కా ముందువైపు, ఆయన కూర్చునే చోటుకు వెనక, మా కళ్ల ఎత్తుకు కట్టించాం. ఎందుకని ఆయన అడిగితే రేపు చెబుతామన్నాం. ఆ రాత్రికి వీధిలో పిల్లలందరికీ కబురు చేరింది.

మర్నాడు మారయ్య ఆటో మా వీధి మొదట్లో నిలబడింది. బాపు నన్ను అందులో కూర్చోబెడదామని సంచి పట్టుకున్నాడు. నేను సంచి గుంజుకుని జట్కా వైపు పరుగెత్తాను. వెనక మిగతా పిల్లలు. ఆటోలో మారయ్య కొడుకు ఒక్కడే మిగిలాడు, వాడూ మా వైపే చూస్తున్నాడు. బాపుకు కోపం వచ్చింది. జట్కా దగ్గరకొచ్చి, లోపలికి తల పెట్టి, మేం చూస్తున్న వైపు చూశాడు. ఆయన తల అలాగే ఉండిపోయింది.

"గాలి విడిపిచ్చే గుర్రమా ఇది?" అని నెమ్మదిగా అడిగాడు. ఔనన్నాను. సంచి అందించి వెళ్లిపోయాడు.

బేటీ ముందుకాలితో నేలను గీకింది. జట్కా కదిలింది. చాచా పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నాడు. ఆయన టోపీ నీలంగా, చొక్కా నారింజగా కనిపిస్తుంటే ఒక చిన్న పిల్ల, చాచా కూడా మారిండు అంది. అంటుకోదా మరి అన్నాను. ఇక్బాల్ బీ ఈసారి అడ్డు చెప్పలేదు. మిట్ట ఎక్కేటప్పుడు బేటీ బలం తీసుకుని తల ఎత్తింది, మెడ దాకా నీలం లోకి వెళ్లింది. ఎక్కడం పూర్తయ్యేదాకా జట్కాలో ఒక్కరూ ఊపిరి గట్టిగా తీయలేదు.

చాచా ఆ ఏడు నార్కట్‌పల్లి పోలేదు. ఆ మరుసటి ఏడు కూడా పోలేదు.

కానీ ఆయనకు ఒక కష్టం ఉండేది. రోజూ మిట్ట మీద మా చప్పుడు ఆగిపోగానే వెనక్కి తిరగకుండానే, "ఇప్పుడేం రంగుల ఉన్నది?" అని అడిగేవాడు. నీలం అని అందరం ఒకేసారి చెప్పేవాళ్లం. ఆయనకు మాత్రం ఎదురుగా ఎప్పుడూ ఉండే బూడిద తెలుపే. గుర్రాన్ని నడిపేవాడు షీటుకు అవతల కూర్చోవాలి కదా.

ఒకరోజు బడి దగ్గర మమ్మల్ని దింపాక ఆయన పగ్గాలను గేటుకు కట్టాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వంగి, జట్కా లోపలికి ఎక్కి మేం కూర్చునే చోట పరిచిన గడ్డి మీద కూర్చున్నాడు. బడి గంట కొట్టినా మేం లోపలికి పోలేదు. ఆయన చూస్తున్నాడు. బేటీ తల ఎత్తింది, దించింది.

"ఇరవై ఏండ్ల సంది నా ముంగట్నే ఉన్నది," అన్నాడు చివరికి. "ఎన్నడు ఇటు కూసొని చూడకపోతి."