గాలి సంగతి నన్నెవరూ అడగలేదు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. సముద్రపు గాలి మాటను సగంలోనే ఎత్తుకుపోతుంది, నా గొంతా తుప్పు పట్టింది.

నేను ఒక రేకుల షెడ్డును. ఉప్పాడ దిగువన ఓ చిన్న పాలెంలో, ఇసుక దిబ్బ మీద పుట్టాను. నన్ను కట్టింది అప్పలకొండ అనే వెల్డరు. కంటితో కొలిచి, గొట్టాలు కోసి అతికించి, కాళ్లు మూరెడు లోతున పాతాడు. చివరికి నా దూలం పట్టుకుని వేలాడి, రెండు ఊపులు ఊగి, ఏనుగుని కట్టినా కదలదు పొమ్మన్నాడు. నేనూ నమ్మాను. మా పాలెం మీదికి ఏనాడూ ఏనుగు రాలేదు, వచ్చేది గాలేనని ఇద్దరికీ తోచలేదు.

నా యజమానురాలు కాసులమ్మ, చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. కూతురికి ఉయ్యాల నా దూలానికే కట్టింది. పని తెమిలాక నా స్తంభానికి వీపు ఆనించి కూర్చునేది. చేపల వాసన, చెమట వాసన కలిసిన ఆ వీపు వెచ్చదనం తప్ప నేనేమీ కోరుకోలేదు.

ఇంతలో ఆమె మొగుడు ఎల్లాజీ పెద్ద వలలు కొని తెచ్చాడు. అవి నాలో పట్టవని పక్కనే కొత్త షెడ్డు తలపెట్టారు. కాకినాడ నుంచి నీలవేణి అనే ఇంజనీరమ్మ వచ్చింది. పిల్లకు సంబంధం చూసేవాళ్లయినా అంత ఆరా తీయరు. ఈ ఒడ్డున తుఫాను గాలి ఎంత వేగం, మధ్యలో అడ్డు నిలిచే చెట్టు గానీ మేడ గానీ ఉందా, కప్పు ఎంత ఎత్తు, ఎంత వాలు, అన్నీ అడిగి, కట్టడాల నియమాల పుస్తకం తెరిచి లెక్క కట్టింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుందట. తొయ్యడమే కాదు, కప్పును పైకి పీకుతుందట కూడా. అందుకని దాని కాళ్ల కింద లోతుగా గోతులు తవ్వి, కాంక్రీటు పోసి, బోల్టులు దింపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సన్నకాళ్లదానికి అంత వైభోగమా?

ఓ మధ్యాహ్నం కాసులమ్మ వెళ్లి దాని స్తంభానికి వీపు ఆనించింది. ఆ పూట నా రేకులు టపటపలాడితే ఎండ వేడికనే అనుకున్నారందరూ.

వెళ్లేముందు నీలవేణి ఒక్క మాట గట్టిగా చెప్పింది. "నాలుగువైపులా తెరిచే ఉంటుందని లెక్క కట్టానండీ. మూయాలనుకుంటే ముందు నన్నడగండి. మూడువైపులు మూసి ఒకవైపు వదిలారంటే గాలి లోపల నిండి, గొడుగుని తిరగేసినట్టు కప్పుని లేపేస్తుంది."

వానజల్లుకి వలలు తడుస్తున్నాయని ఎల్లాజీ మూడువైపులా మూసేశాడు. సముద్రం వైపు మాత్రం వదిలాడు, వలకు గంగమ్మ ముఖం కనబడాలని మా పాలెం ఆచారం. అడ్డం కొట్టిన రేకులు ఎక్కడివనుకున్నారు? నా పక్కలకున్నవే, నా ఒంటివే. నా చీర విప్పి సవతికి కట్టినట్టయింది.

ఆ ఏడే తుఫాను కబురు వచ్చింది. వలలూ పడవ ఇంజనూ అన్నీ దాని కిందే ఉన్నాయి. కప్పు లేచి మీద కూలితే ఆ ఇంటికి మళ్లీ వేట లేదు. తెలిసే కోరుకున్నాను, లేవాలని.

అందరూ తలదాచుకోడానికి మేడ బడికి వెళ్తుంటే కాసులమ్మ కదల్లేదు. పానా తెచ్చి అడ్డం కొట్టిన రేకుల బోల్టులు విప్పడం మొదలెట్టింది.

"వలలు తడుత్తాయే, పిచ్చిదానా," అన్నాడు ఎల్లాజీ.

"తడిసిన వల ఆరుద్ది మావా. ఎగిరిపోయిన కప్పుని ఏ ఒడ్డున ఏరుకుంటావ్?"

"గంగమ్మకి మొకం చూపెట్టాలని కదా వదిలాను."

"మొకం కాదు, నోరు తెరిచి చూపెట్టావు. రా, ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. రేకులన్నీ దించి ఇసుక కప్పారు, వలలూ ఇంజనూ స్తంభాలకు కట్టేశారు. సాయంత్రానికి గాలి వచ్చింది. సవతి కప్పు కింద ఇటు దూరి అటు పోయింది. అది మూలిగింది, వణికింది, బోల్టులు మాత్రం వదల్లేదు. నా కప్పే ముందు లేచింది, కాళ్లు ముల్లంగి దుంపల్లా ఊడొచ్చాయి. పడుతూ కూడా దానివైపే చూశాను.

నన్ను పాత ఇనుము వాళ్లు ముక్కలు కోసి పట్టుకుపోయారు. ఉయ్యాల దూలం మాత్రం ఇవ్వనని కాసులమ్మ పట్టుబట్టింది. ఇప్పుడు నేనంటే ఆ దూలమే. సవతి స్తంభాల మధ్య అడ్డంగా బిగించి, వలలు ఆరేసుకుంటున్నారు.

బిగించే ముందు కాసులమ్మ ఫోను చేసింది. "పాపా, మా పాత దూలం దీనికి కడితే గాలికి ఏమన్నా ఇబ్బందా?" నీలవేణి నా పొడుగూ లావూ అడిగింది. కాసేపు లెక్క చూసుకుని, కట్టుకోండి, తుఫాను మాట వింటే మాత్రం వలలు తీసేయండి అంది. పుట్టి ఇన్నాళ్లకి, నా పేరు పెట్టి గాలి సంగతి అడిగారు.

అసూయ పోయిందా అంటారా? కాసులమ్మ ఇంకా దాని స్తంభానికే ఆనుకుంటుంది, ఎలా పోతుంది?

రేకులు వేసేవాళ్లు, అడ్డం కట్టేవాళ్లు మీకెక్కడ కనబడినా ఈ కథ గుర్తుపెట్టుకుని చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం నిలబడ్డదాని కథ అనకండి. దూలం కథ అనండి.