నా బ్రేకుల మీద పడ్డ నింద

నేను ఒక ఫియట్ కారుని. పాలమీగడ రంగు, స్టీరింగు పక్కనే గేరు, గుండ్రటి దీపాలు. ఇనుముకి కక్ష ఉండదని మీతో ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ళకి నా సంగతి తెలియదన్నమాట.

పుట్టింది బొంబాయిలో. మొదట చిలకలూరిపేట పొగాకు వ్యాపారి ఒకాయన కొన్నాడు. నా చేత నిమ్మకాయలు తొక్కించాడు గానీ, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీయనివ్వలేదు. ఎండాకాలం ఆ కవర్లకి ఇంటిల్లిపాది వీపులూ అతుక్కుపోయేవి. సీటు కొత్తగా ఉండాలని మనుషులు తమ తోలు ఊడగొట్టుకుంటారని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత తెనాలిలో ఒక హెడ్మాస్టరు దగ్గరికి వచ్చాను. ఆయన కూతురు సుభాషిణి నా మీదే డ్రైవింగు నేర్చుకుంది. పెళ్ళయి బెజవాడ వెళ్ళిన చాలా ఏళ్ళకి, తండ్రికి చూపు తగ్గాక, తనే వచ్చి నన్ను తోలుకుపోయింది. పడుకునే ముందు గ్యాసు కట్టేసిందో లేదో చూసుకున్నంత శ్రద్ధగా నా బ్రేకు ఆయిలు చూసుకునేది.

నింద ఆ బ్రేకుల మీదే పడింది.

ఆమె మరిది భుజంగరావు కొడుకు పెళ్ళి. పాత కారైతే ఫోటోలు బాగా వస్తాయని ఎవరో చెప్పారట. నన్నిమ్మని భుజంగరావు అన్నగారిని అడిగాడు. అన్నగారు శేషగిరి, అంటే సుభాషిణి భర్త, మేకుకున్న తాళాలు తీసి ఇచ్చేశాడు. ఎదురుగా బట్టలు ఆరేస్తున్న సుభాషిణిని ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అడగలేదు.

విడిది నుంచి మండపానికి భుజంగరావే తోలాడు. వెనక సీట్లో పెళ్ళికొడుకు ప్రణీత్, చేతిలో కొబ్బరి బొండాం. దాని మీద నెమలి బొమ్మ, తళుకులు, బంగారు రంగు అక్షరాల్లో అతని పేరు. దాన్ని దారిలో కింద పెట్టకూడదు. తలపాగా సర్దుకోవడానికి ప్రణీత్ ముందుకి అందిస్తే, భుజంగరావు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలువ గట్టు మలుపులో అది ఒళ్ళోంచి జారి, దొర్లి, సరిగ్గా నా బ్రేకు పెడలు కిందికి దూరింది. ఆయన తొక్కుతున్నాడు, పెడలు దిగదు. పిట్టగోడకి నా కుడి బుగ్గ గుద్దుకుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. పెళ్ళికొడుకు బాసికం మాత్రం ఒక కంటి మీదికి జారింది.

"నాన్నా, బొండాం..."

"నోరుముయ్యి! కింద పడిందని తెలిస్తే ఆడపెళ్ళివారు అపశకునం అంటారు. ఇంకోటి తెప్పిస్తాను."

బొండాన్ని మడమతో సీటు కిందికి తోసేశాడు. జనం చేరేసరికి ఆయన నోట్లో మాట సిద్ధంగా ఉంది. "బ్రేకు పడలేదండీ! మా వదిన బండి సంగతి పట్టించుకోదు. ఇవాళ మా ప్రాణాలు పోయేవి."

ఆ మాట మాకంటే ముందే మండపం చేరింది. పెళ్ళికూతురి మేనత్త సుభాషిణిని ఎగాదిగా చూసి కుర్చీ పక్కకి జరుపుకుంది. ఇంటికొచ్చాక శేషగిరి అన్నాడు, "బండి చూసుకోవడం చేతకాని దానివి, ఉంచుకోవడం ఎందుకు?"

భుజంగరావుకైతే నన్ను త్వరగా వదిలించుకోవాలని ఒకటే తొందర. "బాగుచేయించడమేంటొదినా! ఆటోనగర్లో తుక్కు కింద ఇచ్చెయ్యి. ఒకసారి బ్రేకు తప్పిన బండిని నమ్మకూడదు." శేషగిరీ అదే మాట అన్నాడు.

ఆటోనగర్లో మస్తాన్ షెడ్డులో, నా ఎదురుగా, నా ఈడు అంబాసిడరు ఒకదాన్ని ముక్కలుగా కోస్తున్నారు. నా వంతు కోసం చూస్తున్నాను. సుభాషిణి తన సామాన్లు తీసుకుపోవడానికి వచ్చింది. గొడుగు తీసింది, తువ్వాలు తీసింది. ఇల్లు ఖాళీ చేసే ఆడది మూలలు చూడకుండా గడప దాటదు. సీటు కింద చెయ్యి పెట్టింది.

బొండాం బయటికొచ్చింది. బంగారు రంగు పేరు మీద అడ్డంగా నా పెడలు అంచు దిగబడ్డ గాటు. ఆమె పెడలు కేసి చూసింది, గాటు కేసి చూసింది. పాదంతో పెడలు నొక్కింది. గట్టిగా నిలబడ్డాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బొండాన్ని తువ్వాల్లో చుట్టింది.

"ఏం చెయ్యమంటారమ్మా? కోసెయ్యమంటారా?" అన్నాడు మస్తాన్.

"వద్దు. రేడియేటరు, లైటు, అన్నీ బాగుచెయ్యి. ఆ సొట్ట మాత్రం ముట్టుకోకు."

"సొట్టతో తిరుగుతారా? చూడ్డానికి బాగోదమ్మా!"

"బాగోకూడదు. అన్నవాళ్ళు అన్న మాట వెనక్కి తీసుకోనీ, అప్పుడు తీద్దువుగాని."

ఆ క్షణం నుంచి మేమిద్దరం ఒక పార్టీ.

శ్రావణ మాసంలో కొత్తకోడలి చేత భుజంగరావు ఇంట్లో నోము పట్టించారు. వియ్యంకుడు కూడా వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆయన్ని బస్టాండులో దింపాలి. సుభాషిణి నన్ను గుమ్మం ముందుకి తెచ్చింది.

"ఇంకా దీన్ని వదల్లేదా వదినా!" భుజంగరావు నవ్వాడు.

"ఎలా వదుల్తాను మరిదిగారూ? ఎక్కండి, అన్నయ్యగారిని దింపొద్దాం. మీరు ముందు కూర్చోండి."

అంతమందిలో భయమని ఎలా చెబుతాడు? ఎక్కాడు. ఎక్కాక డాష్‌బోర్డు మీద చూశాడు. ఎండి గోధుమరంగుకి తిరిగిన బొండాం, కొడుకు పేరు, పేరు మీద గాటు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అదేంటి చెల్లెమ్మా, బొండాం?" వెనక నుంచి వియ్యంకుడు అడిగాడు.

"మా మరిదిగారు చెబుతారు అన్నయ్యగారూ."

మరిదిగారు కిటికీ బయటికి చూడసాగాడు. కాలువ గట్టు మలుపు వచ్చింది. సుభాషిణి అద్దంలో చూసుకుంది, వెనక బండ్లేవీ లేవు. బ్రేకు మీద కాలు వేసింది. నా జన్మలో అంత ఇష్టంగా ఎప్పుడూ ఆగలేదు. చక్రాలు అక్కడికక్కడే పాతుకుపోయాయి. ఆ కుదుపుకి ఎగిరిన బొండాం డాష్‌బోర్డు మీద నుంచి దొర్లి భుజంగరావు ఒళ్ళో పడింది. రెండు చేతులా పట్టుకున్నాడు.

"కింద పెట్టకండి మరిదిగారూ," అంది సుభాషిణి మెత్తగా. "పెట్టకూడదు."

పిట్టగోడ మీద నా రంగు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని చూస్తూ భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "బావగారూ... ఆ రోజు బ్రేకు తప్పు కాదు. ఈ బొండాం అడ్డంపడింది. కింద పడిందంటే మీరేమనుకుంటారోనని..."

వియ్యంకుడు ముందు సీటు పట్టుకుని ముందుకి వంగాడు. "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! మా అమ్మాయి బొండాం మండపంలోనే చెయ్యిజారింది. మీరేమంటారోనని మేమూ దాచాం. దీనికోసం ఇన్నాళ్ళూ ఈ తల్లి మీద వేశారా?"

బస్టాండు వచ్చేదాకా భుజంగరావు ఆ బొండాన్ని పసిబిడ్డలా మోశాడు.

ఆ సాయంత్రానికే సంగతి చుట్టాలందరికీ పాకింది. శేషగిరి పేపరు మడిచి భార్యతో అన్నాడు, "వాడు ఒప్పుకున్నాడుగా. ఇంక ఆ సొట్ట తీయించెయ్."

"ఆయన మాట ఆయన వెనక్కి తీసుకున్నారు," అంది సుభాషిణి. "చేతకాని దానివి అన్నది ఆయన కాదు."

శేషగిరి మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

నా కుడి దీపం వెలుగుతుంది గానీ, బుగ్గ వంకర కాబట్టి పక్కకి చూస్తుంది. సుభాషిణి నన్ను రోజూ ఒకే చోట నిలుపుతుంది. అక్కణ్ణించి ఆ దీపం తిన్నగా వరండాలో శేషగిరి కుర్చీ కేసే చూస్తుంది. ఈ మధ్య ఆయన కుర్చీ జరుపుకున్నాడు. మర్నాడు సుభాషిణి నన్ను కొంచెం జరిపింది.

అన్న మాట ఆయన ఇంకా వెనక్కి తీసుకోలేదు. నాకేం తొందర లేదు.