లకు కొమ్మిస్తే లు

వానకు తలుపు ఉబ్బింది.

తడిసిన చెక్క వాసన. పాత క్యాసెట్ల వాసన. ఆ రెండు వాసనల మధ్య ఆమె కుర్చీ.

పత్రికాఫీసులో ఆ గదిని పాటల గది అంటారు. ఆమెను పాటలమ్మ అంటారు. సినిమాల గురించి, పాటల గురించి పాతికేళ్లుగా ఆ గదిలో కూర్చునే రాస్తోంది. వానాకాలం వస్తే ఆ తలుపు వేసుకోవడం తేలిక. తీసుకోవడమే కష్టం. లోపల్నుంచి ఎంత లాగినా రాదు. బయటినుంచి ఎవరైనా భుజం ఆనించి తొయ్యాలి.

ఎవరో ఒకరు తోస్తారు. ఆమె బయటికి వస్తుంది.

మర్నాడు మళ్లీ లోపలికి వెళ్తుంది.

ఆ గదిని ఆమెకు ఇచ్చింది ఒక పాట.

కాదు, ఒక మాట.

కాదు... ఒక్క అక్షరం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాటల పేజీ ఆమె పని. క్యాసెట్ పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, పాటంతా కాగితం మీదికి దించాలి. ఒకరోజు, సరిగా ఆడని సినిమాలోని పాట ఒకటి వచ్చింది. అరిగిపోయిన టేపు. పాడేవాడి గొంతు మీద వాన పడుతున్నట్టు గరగర. ఆ గరగరలో ఆమెకు వినిపించింది ఇది —

వాన తడిపిన తలపిది
మూసినా మూతపడనిది

పెన్ను ఆగిపోయింది.

తలపు తడవడమా? తలపు మూతపడకపోవడమా? ఇంకొకరైతే తలుపు అని రాసేసి చేతులు దులుపుకునేవాళ్లు కదా! కూర్చున్న చోటనే వ్యాసం రాసింది. 'తలుపు అనాల్సిన చోట తలపు అన్న కవి.' అదే శీర్షిక.

ఆ వ్యాసంతో పాట లేచి కూర్చుంది. వేదికల మీద పాడారు. పోటీల్లో పాడారు. పాట రాసినాయనకు పిలిచి సన్మానాలు చేశారు. ఆమెకు గది ఇచ్చారు. ఒక్క వ్యాసానికే నీకు కొమ్ములొచ్చాయే అని తోటివాళ్లు ఏడిపించారు. ఆమె సిగ్గుపడి నవ్వింది.

పాట పాఠమైంది. పాఠంలోంచి ప్రశ్న పుట్టింది. కవి 'తలుపు' అనక 'తలపు' అనడంలోని ఔచిత్యాన్ని వివరించుము. మొన్న కూతురు పరీక్ష రాసి, బడిసంచీ దించకుండానే వచ్చి చెప్పింది.

"అమ్మా, నీ ప్రశ్నే వచ్చింది. అయిదుకి అయిదూ నావే."

ఆమె బిడ్డ జుట్టు సవరించింది.

అప్పటికే ఆ పాటను మళ్లీ విని ఉంది.

పాటకు పాతికేళ్లు నిండాయని కంపెనీవాళ్లు గరగరంతా తీసేసి, కడిగిన గాజులా చేసి పంపారు. ఎడిటర్ దాన్ని ఆమె బల్ల మీద పెట్టి, మీ పాత వ్యాసమే కొంచెం కొత్తగా రాసివ్వమన్నాడు. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

వాన తడిపిన తలుపిది.

వెనక్కి తిప్పింది.

తలుపిది.

మళ్లీ తిప్పింది.

తలుపు. ఉత్త తలుపు. చెక్కతో చేసిన తలుపు.

లకు కొమ్మిస్తే లు. ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన గుణింతం పాఠం అది. ఆమెకు కొమ్ములు రాలేదు. ఉన్న ఒక్క కొమ్మునూ ఆమే పీకేసింది.

మర్నాడు పాట రాసినాయన ఇంటికి వెళ్లింది. ముసలాయన, ఒక్కడే ఉంటున్నాడు. నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, ఆమె నోరు తెరవకముందే చెప్పాడు. పాతికేళ్లుగా ఈ రాక కోసమే చూస్తున్నాడట.

పెళ్లయిన కొత్తలో వానరోజున భార్యతో మాటామాటా పెరిగింది. ఆమె వెళ్లిపోయింది. కోపంతో తలుపు వేయబోయాడు. వానకు ఉబ్బి ఉంది, పడలేదు. తోశాడు, తన్నాడు, పడలేదు. మర్నాడు పొద్దున్నే ఆ తలుపు సందులోంచే ఆమె నేరుగా వంటింట్లోకి వచ్చేసింది. తలుపు మూసి ఉంటే తట్టేదాన్ని కాదు, వెనక్కి పోయేదాన్ని అని తర్వాత చెప్పింది. ఆ తలుపు మీద ఆయన పాట రాశాడు. లోకమంతా తలపు అని పాడుతున్నా, ఇంట్లో ఆమె ఒక్కతే తలుపు అని పాడుకునేది. గిన్నెలు తోముతూ... బట్టలు ఆరేస్తూ... నవ్వుతూ.

ఆమె పోయి ఏడాది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు బాబాయ్‌గారూ?"

"ఏమని చెప్పనమ్మా? నేను రాయని మాటకు దండలు వేయించుకున్నాను. ఆ తర్వాత ఏం రాసినా, తలపు లాంటిది ఇంకోటి రాయండి అన్నారు. ఎక్కడి నుంచి తెచ్చేది? అది నాది కాదుగా."

ఆయన ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వే తీశావు తల్లీ. నువ్వే పెట్టు. ఇప్పుడు తలుపు అని పాడేవాళ్లు ఎవరూ లేరు."

ఆయన ఇంటి వాకిలి దాటేటప్పుడు ఆమె ఆ తలుపును వేలితో తాకింది. చల్లగా ఉంది.

ఇవాళ మధ్యాహ్నం రాసింది. ఈ పాటలో ఒక తలుపు ఉంది అని మొదలుపెట్టింది. మూతపడక ఒక కాపురాన్ని కాపాడిన తలుపు అని రాసింది. తప్పు నాది అన్న ఒక్క వాక్యం మాత్రం రాయలేకపోయింది. రాసింది, చెరిపింది. రాసింది... చెరిపింది. గది కనిపించింది. అయిదు మార్కులు కనిపించాయి. కూతురి మొహం కనిపించింది.

కొమ్ము పెట్టాను కదా. చాలు. చూసేవాళ్లే చూస్తారు.

పంపేసింది.

బయట వాన. గదిలో చెక్క వాసన.

తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు. ప్రూఫులు దిద్దే పెద్దాయన. పాతికేళ్లుగా ఆమె రాసిన ప్రతి అక్షరాన్నీ కంటికి రెప్పలా చూసుకున్న మనిషి.

"పాటలమ్మగారూ, తొందరలో కొట్టినట్టున్నారు. తలపు అన్న చోటల్లా లకు కొమ్ము పడింది. ఏడు చోట్ల. అన్నీ తీసేశాను, మీరేం కంగారుపడకండి. పేజీ వెళ్లిపోతోంది."

ఆమె లేచింది. కుర్చీ పడింది. గొళ్లెం పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. రాలేదు.

గొంతులో పాతికేళ్ల గరగర.

"తలుపు..." అంది. "తలుపండీ... తలుపు!"

అవతల ఆయన నవ్వు, దగ్గరగా, చెక్కకు ఆనుకుని.

"రావట్లేదా? ఉండండమ్మా, తోస్తాను."

భుజం ఆనిన చప్పుడు.

ఆమె చెయ్యి గొళ్లెం మీదే ఉంది. నోట్లో ఆ మాట ఇంకా ఉంది.

వానకు తలుపు ఉబ్బి ఉంది.