దూరపు చూపు

తడి రబ్బరు వాసన. డీజిలు వాసన. కిటికీ అద్దాల మీద జారుతున్న నీళ్ళు…

పొద్దున్నే డిపోలో బస్సులు కడుగుతుంది ఆమె. సీట్లు తుడుస్తుంది, మెట్లు తుడుస్తుంది. డ్రైవరు సీటు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదిస్తుంది. స్టీరింగు ఒకసారి తుడిస్తే చాలు.

రెండోసారి కూడా తుడుస్తుంది.

ఎవరూ చూడకపోతే, ఎక్కి కూర్చుంటుంది. ఎదురుగా షెడ్డు గోడ. ఆమెకు మాత్రం రోడ్డు.

నాన్న లారీ నడిపేవాడు. సెలవుల్లో ఆమెను పక్కనే ఇంజను మూత మీద కూర్చోబెట్టుకునేవాడు. కింద వెచ్చగా ఉండేది. ఒళ్ళంతా జుమ్మని అదిరేది. గేరు మీద ఆమె చెయ్యి — దాని మీద నాన్న చెయ్యి.

"విను. మార్చమని బండే అడుగుతుంది," అనేవాడు.

ఆమె వింది. పెద్ద బండి నడపాలన్న కోరిక ఆ మూత మీదే పుట్టింది.

పెళ్ళికి ముందు ఒకసారి లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. వెనక్కి నడపమన్నారు. వెనకున్న గుంజను గుద్దేసింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు విరగబడి నవ్వారు. తలుపు తీసుకుని దిగింది. దిగినది దిగినట్టే ఇంటిముఖం పట్టింది.

"మళ్ళీ వెళ్దాంలే," అన్నాడు నాన్న.

మళ్ళీ అంటే ఎప్పుడో ఇద్దరూ అనుకోలేదు.

తర్వాత పెళ్ళి. కొడుకు. మంచం పట్టిన అత్తగారు. నాన్న పోవడం. ఏళ్ళు చేతుల్లోంచి సబ్బునీళ్ళలా జారిపోయాయి. కోరిక మాత్రం జారలేదు — అడుగున, బరువుగా, ఇసకలా.

ఈ వానలు మొదలైనప్పుడే డిపో మేనేజరు అందర్నీ పిలిచి చెప్పాడు. డ్రైవర్లు చాలడం లేదట. ఇక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరు లైసెన్సు తెచ్చుకున్నా తీసుకుంటారట. ఆడవాళ్ళయినా సరేనట.

ఆ ఆఖరి మాటకు కొందరు నవ్వారు.

ఆమె బకెట్టు కింద పెట్టింది.

భర్త దర్జీ. మాటలు తక్కువ, ఉన్న నాలుగూ సూదుల్లా ఉంటాయి. ఇంటికొచ్చి సంగతి చెప్పింది. అతని కుట్టుమిషను ఆగింది.

"గుండీ కుట్టుకోవాలంటే సూదిలో దారం నాతో ఎక్కిస్తావు. ఆ కళ్ళతో బస్సు నడుపుతావా?"

"దగ్గరివే మసక. దూరంవి బాగానే కనపడతాయి. బస్సుకి కావలసింది దూరమేగా."

మిషను మళ్ళీ కదిలింది.

పని అయ్యాక, సాయంత్రాలు, డిపో వెనక ఖాళీ జాగాలో ఒక పాత బస్సు మీద నేర్చుకుంది. నేర్పింది ఒక రిటైరైన డ్రైవరు. గొంతు అలాంటిది కాబట్టి అందరూ హారన్ బాబాయ్ అంటారు. అమ్మా అమ్మా అంటూనే దుమ్ము దులిపేవాడు. క్లచ్చు మీద కాలు వణికితే, అది కాలా వీణ తీగా అని అడిగేవాడు.

మోకాలు పట్టేసేది. మెడ పీకేసేది. వెనక్కి పోతుంటే ఎటు తిప్పాలో తోచేది కాదు. బండి ఆగిపోయేది. మళ్ళీ స్టార్టు చేసేది. ఆగిపోయేది. మళ్ళీ.

వాన పడేది. తెరిపిచ్చేది. మళ్ళీ పడేది.

ఆమె దిగేది కాదు.

ఒకరోజు ఇంట్లో మాటవరసకి అంది — ఆ సీటుతో చచ్చే చావుగా ఉంది, వీపు ఆనితే క్లచ్చు అందదు, క్లచ్చు అందితే వీపు ఆనదు. భర్త తలెత్తలేదు. మర్నాడు ఆమె చెప్పుల పక్కన ఒక దిండు. ముతక గుడ్డ, రెండు వరసల కుట్టు, జారకుండా కట్టుకోడానికి నాడాలు.

"కొలత సుమారుగా వేశాను," అన్నాడు. "చాలకపోతే చెప్పు."

ఆమె దిండును గుండెకు ఆనించుకుంది. అతను అప్పటికే కత్తెర అందుకున్నాడు.

పరీక్ష రోజు ఒకటే ముసురు.

అదే మైదానం. గుంజలు కొత్తవి. నవ్వేవాళ్ళూ కొత్తవాళ్ళే.

పక్కన కూర్చున్న అధికారి వెనక్కి నడపమన్నాడు. అద్దం నిండా చినుకులు. గుంజ ఉందో లేదో… బయట ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె హ్యాండ్‌బ్రేకు వేసింది. తలుపు తీసి దిగింది.

అయిపోయిందనుకున్నారు అందరూ. గట్టున నిలబడ్డ హారన్ బాబాయ్ తల దించుకున్నాడు.

ఆమె నడుచుకుంటూ బస్సు వెనక వైపుకి వెళ్ళింది. వానలో నిలబడి గుంజను చూసింది. దానికీ బస్సుకీ మధ్య ఎంత జాగా ఉందో చూసుకుంది. రెండు అద్దాలూ తుడిచింది. తిరిగొచ్చింది.

ఎక్కింది.

"ఎందుకు దిగారు?" అన్నాడు అధికారి.

"చూసుకోడానికి సార్."

అతను ఒక క్షణం ఆమె వైపు చూసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

బస్సు కదిలింది. వెనక్కి… ఇంకా వెనక్కి… గుంజ అద్దంలో పెద్దదైంది. పక్కకి జరిగింది. నిలబడే ఉంది.

అధికారి ముఖంలో ఏమీ తెలియలేదు. ఇంకా అవలేదన్నాడు. గేటు దాటించి రోడ్డు మీదికి పోనివ్వమన్నాడు.

గేటు బయట వాన, బళ్ళు, గొడుగులు. ఒకదాని వెనక ఒకటి, తెంపులేకుండా. ఎవరూ దారివ్వలేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆమె తొందరపడలేదు. కాచుకుంది.

సందు దొరికింది.

స్టీరింగు తిప్పింది — చక్రాల కింద నీళ్ళు రెండు వైపులా చీలిపోతూ… తడి రోడ్డు వాసన…