పురికొస దారి

ముప్పయ్యేళ్లు ఇంజినీరింగు ఆఫీసులో రోడ్లకూ పైపులకూ నక్షాలు గీసి రిటైరైన సుందర్ రావు, 1983లో ఇంట్లో కుంగిన వైరు కుర్చీని అల్లించడానికి హన్మకొండలోని ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. చూపులేని వాళ్లు పనిచేసే చోటది. అక్కడ ఆయన మొదట విన్నది ఒక అక్కాచెల్లెళ్ల తగువు.

చెల్లెలు సమ్మమ్మకు ముప్పయ్యేళ్లు. మిర్చి కల్లంలో పనిచేసేటప్పుడు కళ్లు పుండ్లుపడితే ఎవరో ఆకుపసరు పోశారు. రెండు కళ్లూ పోయాయి. అక్క బక్కమ్మ రోజూ చేయి పట్టుకుని తెచ్చి దింపి, పొద్దుగూకే వేళకు మళ్లీ వచ్చి తీసుకుపోయేది. ఆ తిరుగుడుతో ఆమెకు ఎక్కడా కూలి దొరికేది కాదు.

"నీ కండ్లతోని నా కాళ్లు గూడ పొయినయి" అంటోంది బక్కమ్మ ఆరోజు.

సమ్మమ్మ తల వంచుకుని వైరు లాగి ముడి బిగించింది.

ఆ మాట సుందర్ రావును వదల్లేదు. వారం తిరిగేసరికి ఒక అట్ట పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. సమ్మమ్మ ఇంటి నుంచి షెడ్డు దాకా ఉన్న దారినంతా దాని మీద పురికొసతో అతికించాడు. ఇళ్లు, కప్పులు, తలుపులు, చెట్లు, కరెంటు స్తంభాలు, కంటికి కనిపించేవన్నీ పెట్టాడు. సమ్మమ్మ వేళ్లు అట్ట మీద కాసేపు తడబడి ఆగిపోయాయి.

"సారూ, ఇదేంది, ముండ్లకంప లెక్కున్నది?"

"అది ఇల్లు బిడ్డా. పైన కప్పు, కింద తలుపు."

"కప్పు నాకెట్ల ఎర్కయితది? నాకు ఇల్లంటే గోడ. గోడ ఒడిసినంక గాలి తగుల్తది. గా గోడ పెట్టు. గీతకు గీతకు నడుమ నా ఏలు పట్టాలె."

ముప్పయ్యేళ్ల పనితనం ఒక్క నిమిషంలో పనికిరాకుండా పోయింది. ఇంటికి వెళ్లి అట్టను చించి మళ్లీ మొదలుపెట్టాడు. సమ్మమ్మ తీసెయ్యమన్న ప్రతిదీ తీసేశాడు. ఐదు అట్టలు పాడయ్యాయి. ఆరోదానిలో మిగిలింది కొంచెమే: బాటకు ఒక పురికొస, మురుగు మోరీ ఉన్నచోట గరుకు కాగితం, బోరింగు పంపుకు చొక్కా గుండీ, రోడ్డు దాటాల్సిన చోట రెండు అగ్గిపుల్లలు.

సమ్మమ్మ దాన్ని రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తడిమింది. మూడోరోజు చేతికర్రతో ఒంటరిగా బయలుదేరింది. సుందర్ రావు ఇరవై అడుగుల వెనక తొమ్మిది రోజులు నడిచాడు. పదోరోజు ఆమె బోరింగు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"నీ చెప్పుల సప్పుడు ఇనవడ్తాంది సారూ. ఇగ ఇంటికి పో."

ఆ రోజు ఆయన దారి పొడుగునా నవ్వుకుంటూనే పోయాడు. బక్కమ్మ పత్తి ఏరడానికి పోసాగింది. షెడ్డులో మరో ఏడుగురు తమకూ అట్టలు కావాలని అడిగి చేయించుకున్నారు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. షెడ్డు చూడటానికి ఒక పెద్దాఫీసరు వస్తాడని తెలిసి, సుందర్ రావు ఊరంతా ఒకే చెక్క మీద కట్టే పనిలో పడ్డాడు. శనివారం సాయంత్రం జిగురు డబ్బాతో ఇంటికి వస్తుంటే సమ్మమ్మ నడిచే సందు మలుపులో సున్నపు గీత, దాని వెంట కొయ్యమేకులు కనిపించాయి. నీళ్ల పైపుకు కందకం తవ్వబోతున్నారు. అటువంటి గీతలు ఆయన బతుకంతా గీశాడు, అర్థం కాకపోవడమేమీ లేదు. సమ్మమ్మ ఇల్లు అక్కడికి రెండు సందుల అవతలే. కానీ డబ్బాలో జిగురు గట్టిపడుతోంది. రేపు షెడ్డుకు సెలవే, తవ్వకం మంగళవారానికి గానీ మొదలవదు, సోమవారం పొద్దున్నే చెప్పొచ్చు అనుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మళ్లీ చెక్క ముందు కూర్చున్నాడు. సోమవారం పొద్దున కూడా, ఆఫీసరు చదువుకోవడానికని వీధుల పేర్లు ఎర్ర రంగుతో రాస్తున్నాడు. ఒక్క పేరు పూర్తయితే లేద్దామనుకున్నాడు. తర్వాత ఇంకొకటి.

కూలీలు ఆదివారమే తవ్వేశారు. నిలువెత్తు కందకం చుట్టూ తాడైనా కట్టలేదు. సోమవారం షెడ్డుకు బయలుదేరిన సమ్మమ్మ కర్రకు మట్టికుప్ప తగిలింది. అట్టలో ఎప్పుడూ ఖాళీగా ఉండే గోడ వైపుకు ఆమె జరిగింది. కందకం అటే ఉంది.

నడుము విరిగిందన్నారు దవాఖానలో. కాళ్లలో స్పర్శ లేదు. సుందర్ రావు మంచం పక్కన నిలబడ్డాడు. బక్కమ్మ ఆయన వైపు చూడలేదు.

"బిడ్డా, నేను శనివారమే చూసిన. సున్నం గీత చూసిన. చెప్పలే."

సమ్మమ్మ ఆయన గొంతు వైపు ముఖం తిప్పింది.

"ఎందుకు చెప్పలే?"

"పనిల పడ్డ."

"ఏం పని?"

ఆయన చెప్పాడు. ఎర్ర రంగు సంగతి కూడా దాచలేదు.

"మేం సదవలేని అచ్చరాలు" అంది సమ్మమ్మ. గొంతులో కోపం లేదు. అదే ఆయనకు భరించరానిదైంది. మళ్లీ అంది: "ఇంకా ఏడుగురి కాడ నీ అట్టలున్నయి. ఈడ నిలవడి ఏం జేస్తవు? పో, కందకం సంగతి ఆళ్లకు చెప్పు."

ఏడిళ్లకూ ఆరోజే తిరిగాడు. ముగ్గురు అట్టలు తిరిగిచ్చేశారు. ఇద్దరి ఇంటివాళ్లు తలుపు తియ్యలేదు. మొగిలమ్మ అనే ఆమె అప్పటికే తన అట్టను పొయ్యిలో పెట్టేసింది. చివరిగా ఏడోవాడు వెంకటయ్య ఇంటికి వెళ్లి, అట్ట ఇచ్చెయ్యమని సుందర్ రావే అడిగాడు.

వెంకటయ్య అట్టను ఛాతీకి అదుముకున్నాడు. "ఇయ్య. ఇది లేకుంటే మా ఇంట్ల నేను మూలకేసిన మూటనే. తవ్వితె వచ్చి చెప్పు. గంతే."

"నేను మరిస్తే?"

"మరిస్తె పడ్త. పడ్డా నడుస్త."

దవాఖానలో పదకొండో రోజు సమ్మమ్మ చనిపోయింది. పాడె పట్టబోయిన సుందర్ రావును బక్కమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది.

"నువ్వు ముట్టకు సారూ. నా చెల్లెను నేను పట్టుకొచ్చినన్ని దినాలు ఎన్నడు పడలే."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. అందరూ పోయాక మోరీ పక్క నుంచి వెంకటయ్య నడిచే బాట వైపు మళ్లి, ఆ చివరి దాకా నేల మీద సున్నపు గీత కోసం చూసుకుంటూ నడిచాడు.