తడి తగలని చేతులు

ఇస్త్రీ పెట్టెలో బొగ్గు ఎర్రబడేదాకా ఆలింగ్ పురా విసనకర్ర ఆపలేదు. తర్వాత పెట్టె అడుగును వాడిన అరటాకు మీద రెండుసార్లు లాగింది. ఆకు చుర్రుమంది. ఇక పెట్టె నున్నగా జారుతుంది.

టోండో పేట చేపల సందులో ఆమె కొట్టు మనిషి పడుకుంటే కాళ్ళు బయటికి వచ్చేంత ఇరుకు. బొగ్గు పొగ మింగీ మింగీ నాలుగు బట్టలకే ఆయాసం వచ్చేది. ఎడమ భుజం లాగేది. దాన్ని వృత్తి ఖర్చు కింద రాసుకుంది. మోచేతుల దాకా కాలిన మచ్చలే. వేళ్ళు మాత్రం వణకవు. ఆమెతో పని మొదలుపెట్టిన ఆడవాళ్ళ చేతిలో ఇప్పుడు చెంచా నిలవదు. వేడి చేతుల మీద చన్నీళ్ళు పోసుకున్న ఫలితం అది. దాన్ని ఆ ఊళ్ళో పాస్మా అంటారు. పురా బొగ్గు అంటించింది మొదలు పడుకునేదాకా నీళ్ళు ముట్టదు. అన్నం తిన్న చెయ్యి కూడా గుడ్డతోనే తుడుచుకుంటుంది. ఉన్న పెట్టుబడి ఆ రెండు చేతులే. దాన్ని తడుపుకునే మనిషి కాదు.

కొట్టులో రెండు మేకులు, పక్క చేపల కొట్టుతో ఉమ్మడిగా ఉన్న స్తంభానికి ఒకటి. వాటికి మూడు బడి బట్టల జతలు. వంతెన కింద తోపుడుబండ్లలో కాపురముండే కుటుంబాల పిల్లలవి. బండిలో పెడితే వానకు తడుస్తాయి, లేదా రోడ్లు ఖాళీ చేయించే లారీ బండితోపాటు ఎత్తుకుపోతుంది. ఉదయం బడి వాళ్ళిద్దరూ మార్చుకుని పోయారు. స్తంభం మీద మిగిలింది రోవేనా జత. ఆ పిల్లది మధ్యాహ్నం బడి. ఇవాళ ఏడాది పరీక్ష. ఇది తప్పితే చెత్త ఏరడానికే రమ్మని తల్లి చెప్పేసింది.

"నీది ఇస్త్రీ కొట్టా, సత్రమా? నా చేపలు పోతే వాళ్ళ పనే," అన్నాడు పక్క కొట్టు తెబాన్.

"నీ చేపల్ని పిల్లులే ముట్టడం లేదు. ఇక పిల్లలేం ముడతారు?"

జాలిపడి చేస్తోందనుకుంటే పొరపాటు. పిల్లలంటే ఆమెకు చిరాకు. కానీ చిన్నప్పుడు తనూ బండిలోనే పడుకుంది. నలిగిన గౌను చూసి బడి గేటు కాపలావాడు 'మీ ఇల్లెక్కడ' అని అడిగాడు. చెప్పలేక వెనక్కి తిరిగింది, మళ్ళీ బడికి పోలేదు. చొక్కా చేతి మీద ఇస్త్రీ మడత ఉన్నవాళ్ళను ఆ మాట ఎవరూ అడగరని తర్వాత గమనించింది. బడిలోకి పోవడానికి అంతకంటే చవకైన దారి ఆమెకు కనబడలేదు.

ఎండెక్కాక సందు మొదట్లో లారీ వాళ్ళ ఈల వినబడింది. స్తంభానికి ఏం వేలాడినా కొట్టుదారుకు జరిమానా. తెబాన్ చొక్కానూ లంగానూ లాగి విసిరేశాడు. లంగా బల్ల మీద పడింది. తెల్లచొక్కా చేపలు కడిగిన కాలవలో పడింది.

లారీ వెళ్ళిపోయాక పురా చొక్కాను వేలితో ఎత్తింది. పొలుసులు, నెత్తురు.

"ఉతికివ్వు."

"నేనా? ఆ బండి పిల్లకా?"

పక్కనున్న గంజి కొట్టావిడ మొహం తిప్పుకుంది. రోవేనా వచ్చాక ఉతికితే ఆరదు. పురా తెబాన్ చన్నీళ్ళ బకెట్టే తన ముందుకు లాక్కుంది. చేతులు పొయ్యిలోంచి తీసినట్టున్నాయి.

"పురా, పాస్మా. మతి పోయిందా?"

"అయితే నువ్వు ముంచు."

అతను కత్తి నూరుకున్నాడు. ఆమె మోచేతుల దాకా ముంచింది. సబ్బు రుద్దింది, పిండింది. తడి చొక్కా మీద పెట్టె పెడితే ఆవిరి లేచింది. చొక్కా కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు పట్టు తప్పాయి. ఒక మడత పడాల్సిన చోట రెండు పడ్డాయి.

రోవేనా వచ్చింది.

"మెడ కడిగావా?"

"కడిగా, లోలా." బండి పిల్లలంతా ఆమెను అలాగే, అవ్వా అనే పిలుస్తారు.

"చెప్పకు. చూపించు."

సందు చివర బడి గేటు. కాపలావాడు పిల్లను ఆపాడు, వాసన పీల్చాడు, చొక్కా చేతి మడతకేసి చూశాడు. పక్కకు జరిగాడు.

"రెండు మడతలు. సిగ్గుమాలిన పని," అనుకుంటూ పురా పీట మీద కూర్చుంది.

బట్టల కోసం వచ్చిన ఒకావిడ పిలిచింది. గోడకు ఆనుకున్న పురా పలకలేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, కదలడం లేదు. ఆమె మేనల్లుడు వచ్చి శవాన్ని మూడుచక్రాల బండిలో తీసుకుపోయాడు. అతను సందు దాటాడో లేదో తెబాన్ చేపల పెట్టెలు ఆ కొట్టులోకి జరిగాయి.

సాయంత్రం రోవేనా బట్టలు మార్చుకోవడానికి వచ్చింది.

"లోలా ఏదీ?"

"పోయింది. చన్నీళ్ళు ముట్టింది."

"ఎందుకు ముట్టింది?"

తెబాన్ చేపల మీద ఐసు సర్దాడు. "రేపటినుంచి ఇక్కడ కాదు," అన్నాడు.

"మరెక్కడ?"

"నన్నడుగుతావేం?"

ఆ పిల్ల తెర వెనక మార్చుకుని, చొక్కా దులిపి, స్తంభం మేకుకు తగిలించి పోయింది. దాన్ని లాగెయ్యడానికి తెబాన్ చెయ్యి చాచాడు. వేళ్ళకు ఐసు తడి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చేపల వాసన మధ్య తెల్లచొక్కా వేలాడుతూ ఉంది, కుడిచేతి మీద రెండు మడతలతో.